పత్తికొండకు తిరిగిరాని పెట్టె

కర్నూలులో, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు చేయూతనిచ్చే ఒక సంస్థలో పనిచేస్తాను. వచ్చిన పెద్దలకు ఆ వ్యాపారుల గురించి చెప్పడం నా పని. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరూ వినరని చేరిన కొత్తలోనే తెలిసింది. పత్తికొండలో ఒకామె టమాటాలు ఎండబెట్టి, పొడి చేసి అమ్మేది. అందుకోసం గాజు మూత పెట్టె ఒకటి చేయించుకుంది. "మా ఎండకు దీంట్లో టమాటా కాదు సార్, తలకాయ పెట్టినా సాయంత్రానికి ఆలోచనలు వడియాలైపోతాయి" అనేవాణ్ని. పెద్దలు నవ్వి ఫోటోలు దిగేవాళ్లు.

ఆ పెట్టెను కడపలోని మాలాంటి సంస్థే ఒకటి ప్రదర్శనకని తీసుకుపోయింది. ప్రదర్శన ముగిసింది. తీసుకుపోయినవాళ్లే తెచ్చిస్తారని మేము, కర్నూలువాళ్లే వచ్చి పట్టుకుపోతారని వాళ్లు. తరచూ కలిసి టీ తాగేవాళ్లమే. మనవాళ్లను పట్టుకుని అడగడం ఏం మర్యాదని ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఈలోగా పత్తికొండ మార్కెట్లో టమాటా ధర పడిపోయింది. ఆమె ఏడాదంతా ఎదురుచూసేది కాయ చవగ్గా దొరికే ఆ రోజుల కోసమే. పెట్టె వచ్చేస్తుందన్న మా ఆఫీసు మాట నమ్మి గంపలకు గంపలు కొనేసింది. తర్వాత నాకు ఫోన్ చేసింది.

"ఏమప్పా, నా పెట్టె యాడుండాది?"

"దావలో ఉండాదమ్మా. వస్తాండాది."

"ఏ దావలో? ఈడ కాయలు నీళ్లు కారతాండాయి. నీ కతలు ఆ పెద్దోళ్లకు చెప్పుకో పో."

మరునాడు ఆమే నేనూ బస్సెక్కి కడప పోయాం. పెట్టె వాళ్ల హాల్లోనే ఉంది. ప్రారంభంనాటి కుంకుమ బొట్లు, వాడి నల్లబడిన బంతిపూల దండ అలాగే ఉన్నాయి. లోపల పళ్లాల్లో ప్లాస్టిక్ టమాటాలు.

"ఒక్కపూట ఓర్చుకోమ్మా. రేపు పెద్దోళ్లొస్తారు, ఈయప్పే కత చెప్పల్ల. వాళ్లు చూసిపోతానే పంపిస్తాం" అన్నాడు అక్కడి మేనేజరు.

"ఎవురు పంపిస్తారన్నా? నువ్వా, ఈయప్పా?"

అతను నావైపు చూశాడు. నేను అతనివైపు చూశాను.

ఆమె మూత తెరిచి, ప్లాస్టిక్ కాయలు నేలమీద పోసి, జాలీ పళ్లాలన్నీ బయటికి లాగింది. "డబ్బా మీరే పెట్టుకోండి. నేను మిద్దె మీద ఆరబోసుకుంటా." ఎవరూ అడ్డుపడలేదు. పళ్లాల కట్ట నేనే బస్టాండు దాకా మోశాను.

"నువ్వు రావద్దులేప్పా. రేపు కత చెప్పల్ల గదా" అని బస్సెక్కింది.

ఆ రాత్రి కడపలోనే ఉండిపోయాను. పొద్దున మా ఆఫీసువాళ్లూ పెద్దలూ హాలుకొచ్చారు. ఒకాయన మూత ఎత్తి, "టమాటాలు ఎక్కడ పెడతారు?" అని అడిగాడు. ఏదో ఒకటి అల్లుదామని నోరు తెరిచాను. ఉన్నదే బయటికొచ్చింది.

"పళ్లాలు ఆమె పట్టుకుపోయింది సార్. పెట్టె మేమెవరమూ తిరిగివ్వలేదు."

అందరూ పగలబడి నవ్వారు. "ఈయప్ప కతలు ఇట్లే ఉంటాయి సార్" అని మేనేజరు నా భుజం తట్టాడు. ఫోటోకు నిలబడ్డాం.

సాయంత్రం ఆ హాలు బయటినుంచి ఆమెకు ఫోన్ చేశాను. సగం కాయలు దిబ్బ పాలయ్యాయట. తక్కినవి మిద్దె మీద ఉన్నాయట.

"గాలికి దుమ్ము పడతాండాది. ఈ పొడి ఎవురు కొంటారప్పా?"

నాకేమీ అనిపించలేదు. టీ చల్లారుతోందని లోపలినుంచి పిలిచారు, పోయాను. రెండు సంస్థలవాళ్లమూ ఉన్నాం. పెట్టె మాట ఎవరూ ఎత్తలేదు.