పన్నెండు స్టిక్కర్లు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటి వారమంతా బిక్కుబిక్కుమంటూ ఉంటారంటారు. ఆ రోజుల్లో నాకు అలాంటి భయమేమీ లేదు. కాస్త ఉండి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. రెండు వేల అయిదో ఆరో, ఖమ్మంలో చెవి మిషన్లు అమ్మే చిన్న దుకాణంలో చేరాను. ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వెళ్లినా, దిగాక మాత్రం డాక్టరమ్మలా నడిచేదాన్ని. మొదటి రోజే మా సారు బ్యాటరీల గురించి గంటసేపు చెప్పారు. ఏ మిషన్‌కు ఏ సైజు, దాని స్టిక్కర్ ఏ రంగు, స్టిక్కర్ తీశాక ఏమవుతుంది, అన్నీ. నేను స్టిక్కర్ల రంగుల దాకా విని, ఆ తర్వాత ఆయన మీసాలకు వేసుకున్న రంగు చూస్తూ కూర్చున్నాను. (చెవి మిషన్లు అమ్మేవాళ్లు చెప్పింది వినాలని రూలేమీ లేదు కదా.)

నా మొదటి గిరాకీ కారేపల్లి నుంచి వచ్చిన మా పెద్దనాన్న. బొగ్గుబాయిలో పేలుళ్ల పనిలో చెవులు పోగొట్టుకుని, చివరి ఏళ్లు లాంప్ రూంలో, అంటే బాయిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే గదిలో పనిచేసి రిటైరయ్యారు. అన్నేళ్లూ మిషన్ మాటెత్తని మనిషి అప్పుడెందుకు వచ్చారంటే, పెద్దమ్మకు గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గానీ మాట పోతుందని హైదరాబాదులో చెప్పారు. దానికి ఇంకా మూడు వారాల గడువుంది.

"ఇన్నేండ్ల సంది ఆమె మాట్లాడుతనే ఉంది బిడ్డా, నేనే ఇనలే. ఈ మూడు వారాలన్న ఇంట" అన్నారు పెద్దనాన్న. పక్కనే ఉన్న పెద్దమ్మ బొంగురు గొంతుతో, "ఇప్పటికి తీరింది దొరకు!" అంది. ఆ మాట కూడా ఆయనకు వినపడలేదు.

సారు డిజిటల్ మిషన్ అమర్చి భోజనానికి వెళ్లారు. బ్యాటరీలు ఎంచి ఇచ్చే పని నాకు వదిలారు. పెద్దనాన్న నీలం స్టిక్కర్ వాటిని చూపించి, "గవి పెద్దగున్నయ్, ఎక్కువ దినాలొస్తయ్, గవియ్యి" అన్నారు. "అవి నీ మిషన్‌ల పట్టవు పెద్దనాన్నా" అని నేను గొప్పగా నవ్వి, నారింజ స్టిక్కర్లవి రెండు కార్డులు ఇచ్చాను. కార్డుకు ఆరు. "స్టిక్కర్ పీకి పెట్టుకో, అంతే" అన్నాను. సైజు తప్పకుండా ఎంచినందుకు ఆ పూటంతా నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

లాంప్ రూంలో ఒక పద్ధతి ఉండేదట. షిఫ్టు మొదలవకముందే ప్రతి దీపాన్నీ వెలిగించి చూసి వరసగా పెట్టాలి. ఒక్కటి ఆరినా లోపల ఒక మనిషి చీకట్లో చిక్కుకుంటాడు. పెద్దనాన్న అదే పద్ధతిలో ఇంటికి వెళ్లగానే పన్నెండు స్టిక్కర్లూ పీకేశారు. ఒక్కొక్కటే మిషన్‌లో పెట్టి, పెద్దమ్మ చేత "ఏమయ్యో" అని పన్నెండుసార్లు పిలిపించుకుని, అన్నీ పాసని కిటికీలో వరసగా పేర్చారు. స్టిక్కర్ కింది రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోగానే బ్యాటరీ పని మొదలవుతుందనీ, ఇక వాడినా వాడకపోయినా కరిగిపోతుందనీ ఆయనకేం తెలుసు? తెలియాల్సింది నాకు.

రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారం చివర ఒక సాయంత్రం పెద్దమ్మ పక్కింటి నుంచి ఫోన్ చేసింది. "మిషన్ పలుకుతలేదే. ఎన్ని మార్చినా గట్లనే ఉంది. కొత్తయి తెస్తవా బిడ్డా? రేపు పొద్దుగాల రైలుకు పోతున్నం."

"అవి మంచివే పెద్దమ్మా. పెద్దనాన్నే తిరగేసి పెడుతుండొచ్చు, సరిగ్గ పెట్టుమను" అన్నాను, పెద్ద నిపుణురాలిలా.

మర్నాడు నవ్వుతూ ఈ సంగతి సారుకు చెబితే ఆయన నవ్వలేదు. "స్టిక్కర్లన్నీ ఒక్కసారే తీసిండేమో. నువ్వు చెప్పలే? మొదటి రోజే చెప్పిన గదా!" అన్నారు. అప్పటికే రైలు వెళ్లిపోయింది. హైదరాబాదుకు కొత్త కార్డు పంపాను. అది చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది.

నెల తర్వాత కారేపల్లి వెళ్లాను. పెద్దనాన్న ఒక్క మాట కూడా అనలేదు, తిడితే బాగుండేది. "పోయే ముందటి దినం మాపటికి నా ముంగట కూసోని గంటసేపు చెప్పింది బిడ్డా. పెదవులు చూసుకుంట అవ్, అవ్ అన్న" అని చెప్పి, ఆమె వైపు తిరిగి, "ఆ దినం ఏం జెప్పినవే?" అని అడిగారు. పెద్దమ్మ ఒళ్లో పలక ఉంది. రెండో తరగతి అక్షరాలతో మెల్లగా రాసింది: "తిట్టిన."

"గంటసేపా!" అని పెద్దనాన్న పడిపడి నవ్వారు. చెవిలో కొత్త బ్యాటరీ చక్కగా పనిచేస్తోంది. పెద్దమ్మ కూడా చప్పుడు లేకుండా నవ్వింది. తర్వాత కొంగుతో పలక తుడిచేసి, నా వైపు చూసి తల దించుకుంది. అది తిట్టు కాదని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఇప్పుడు నాకూ ఎడమ చెవి మందగించింది. నా మిషన్‌కూ నారింజ రంగువే. పది రోజులకొకటి చొప్పున, ఒక్కటంటే ఒక్క స్టిక్కరే తీస్తాను. అది వేలికి అంటుకున్నప్పుడల్లా ఆటో దిగి డాక్టరమ్మలా నడిచిపోయే ఆ పిల్ల గుర్తొచ్చి, కోపం రావాల్సిన చోట చిన్న నవ్వొస్తుంది. సారు చెప్పేది విను తల్లీ, అందామనిపిస్తుంది. అన్నా లాభం లేదు, ఆయన మీసాలు చూస్తూ కూర్చుంటుంది.