అవ్వను సినిమాకు తీసుకెళ్ళిన ఆదివారం

ఆ రోజుల్లో, మంచి సినిమా ఒకటి చూపిస్తే చాలు, ఎలాంటి మనిషైనా మారిపోతాడని గట్టిగా నమ్మేదాన్ని. తూంకుంటలో కొత్తగా ఉద్యోగంలో చేరి, పక్క సీటు అబ్బాయిని ప్రేమించాను. (ఆఫీసులో అతన్ని మౌనస్వామి అనేవారు. ఇప్పుడు మా ఇంట్లోనూ అదే పేరు.) చిక్కల్లా అతని తాత ఒకప్పుడు లాల్‌గడి మలక్‌పేట్‌లో మా పొలానికి జీతగాడు. మా నాయిన అవ్వ మాట దాటడు. అవ్వేమో ఆ ఇంటివాళ్ళ పేరెత్తితేనే మొహం తిప్పుకునేది.

అప్పుడే మేడ్చల్ టాకీసులో ఒక పాత సినిమా మళ్ళీ వేశారు. జమీందారు కూతురూ గుర్రబ్బండి తోలేవాడి కొడుకూ ప్రేమించుకుంటారు, పెద్దలు విడదీస్తారు, చివరికి మనవల కాలంలో రెండిళ్ళూ ఒకటవుతాయి. ఇంతకన్నా మంచి రాయబారం దొరకదనుకుని, అవ్వను ఒకపక్కా మౌనస్వామిని ఇంకోపక్కా కూర్చోబెట్టుకున్నాను. ("మా ఆఫీసుల చేస్తడు" అని మాత్రమే చెప్పాను.)

తెర మీద జమీందారు కూతురు గడప దాటే చోట అవ్వ వెక్కివెక్కి ఏడ్చింది. ఇగ పనైపోయిందనుకుని, "పాపం గదా అవ్వా ఆ పిల్ల" అన్నాను.

"పిల్లకేమైంది? ఆ నాయిన మొఖం జూడు, ఎట్ల గుంజుకపోయిందో" అంది అవ్వ.

నా ప్రాణం ఉసూరుమంది.

ఇంటర్వెల్లో ఆమెకు దగ్గు తెర వచ్చింది. మౌనస్వామి లేచి వచ్చి తన నీళ్ళసీసా చాపాడు. అవ్వ అందుకోకుండా అతని ముఖంలోకి చూసింది.

"నువ్వు మా జీతగాని మనవనివే గదా."

"అవునవ్వా."

"మీ తాత మా ఇంట్ల నీళ్ళెట్ల తాగేటోడో ఎరుకేనా?"

"ఎరుకే. దోసిట్ల పోసేటోళ్ళంట."

"పోసింది నేనే. చెంబు తాకొద్దని పైకెత్తి పోస్తుంటి. గా సిగ్గుకే మీ పేరు వింటె మొఖం తిప్పుకుంట."

అవ్వ సీసా తీసుకుని, మూతి పెట్టి తాగి, అతనికే తిరిగిచ్చింది. అతను దాన్ని తుడవలేదు. మిగిలిన నీళ్ళు తాగేసి కూర్చున్నాడు.

ఆ ఏడే దేవరయాంజాల్ గుడిలో మా పెళ్ళయింది. నాయిన ముందు ముభావంగా ఉన్నా, అప్పగింతల్లో సినిమా జమీందారును మించిపోయాడు.

తర్వాత ఒకసారి, ఆ సినిమా ఎంత పని చేసిందో అని నేను గొప్పలు పోతుంటే అవ్వ వక్క నములుతూ విన్నది.

"సినిమాకు మనుషులు మారుతరా బిడ్డా? మీ ముచ్చట నాకు ముందుగాలే ఎరుక. అంతకుముందు వారమే మీ నాయినను ఒప్పించిన. టాకీసుకు పోక మస్తు దినాలైంది, నువ్వు తీస్కపోతనంటే వద్దంటనా?"

టికెట్లు కొన్నది నేనే కాబట్టి లోకాన్ని మార్చిందీ నేనే అనుకున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా. అంత నమ్మకం నాకు మళ్ళీ దేని మీదా కుదరలేదు.