బెల్టు కింద ఉప్పు

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జనవరి చివరి సోమవారం నాడు, అమెరికా ఉత్తరపు కొసన డులూత్ రేవులో కట్టేసి ఉన్న ఒక పాత సరుకు ఓడకు అయిదేళ్ల సర్వే చేయమని ఆదేశం వచ్చింది. అప్పటికి నేను సీనియర్ హల్ సర్వేయర్‌ని. సర్వేయర్ అంటే పొలాలు కొలిచేవాడని ప్లేనోలో ఉన్న మా బావమరిది ఇప్పటికీ అనుకుంటాడు. నేనూ దిద్దడం మానేశాను. మా పని ఓడ ఉక్కు ఎంత మిగిలిందో చూసి క్లాస్ సర్టిఫికెట్ ఇవ్వడం. అది లేని ఓడకు ఇన్సూరెన్స్ దొరకదు. ఇన్సూరెన్స్ లేని ఓడలో ఎవడూ సరుకు ఎక్కించడు. అంటే మేము సంతకం పెట్టకపోతే ఆ ఓడ బతుకు అక్కడితో సరి.

ఆ ఓడ అమెరికా, కెనడాల మధ్యనున్న అయిదు పెద్ద సరస్సుల్లో తిరిగేది. వయసులో నాకంటే మూడేళ్లు పెద్దది. చదివేవారికి ఇది వింతగా ఉండవచ్చు. సముద్రం మీద ఓడ పాతికేళ్లకే తుక్కుకు పోతుంది, ఉప్పు నీరు దాన్ని బతకనివ్వదు. సరస్సులది మంచినీరు. అందుకే ఇక్కడ అరవై దాటిన ఓడలు కూడా ఏటా పది నెలలు సరుకు మోస్తూ కనిపిస్తాయి. ఏనాటిదో ఒక ఉక్కు కంపెనీ అధ్యక్షుడి పేరు దీనికి పెట్టారు. ఆ పేరుతో దాన్ని పిలిచినవాళ్లను నేను చూడలేదు. చీఫ్ ఇంజనీర్ ఏసుపాదం మాత్రం ‘మామ్మ’ అనేవాడు.

మామ్మ పుట్టింది ఇనుప ఖనిజం మోయడానికి. సగం ఆయుష్షు గడిచాక దాని పొట్ట కోసి, సరుకు నింపే హోల్డుల అడుగున పొడుగునా ఒక సొరంగం పెట్టి, అందులో బెల్టు వేశారు. హోల్డు గేటు తెరిస్తే సరుకు బెల్టు మీద పడి, ముందుకు పోయి, పైకెక్కి, ఒడ్డున దిగుతుంది. రేవులో క్రేన్ అక్కర్లేదు. ఆ సదుపాయం వల్లే తోటి ఓడలన్నీ తుక్కయినా ఇది మిగిలింది. తర్వాత దీనికి రెండింతలున్న ఓడలు వచ్చి ఖనిజం పట్టుకుపోయాయి. మామ్మకు మిగిలినవి చిల్లర పనులు: సున్నపురాయి, బొగ్గు, చివరి పదేళ్లూ ఎండాకాలం పోగానే రోడ్ల మీద మంచు కరిగించే ఉప్పు. ఊరూరి మునిసిపాలిటీలకు గుట్టలు గుట్టలుగా ఉప్పు.

ఏసుపాదానిది మచిలీపట్నం. కుర్రతనంలో మన దేశపు ఆయిల్ ట్యాంకర్లలో ఆవిరి ఇంజన్ల మీద చేసి, భార్య తరఫున ఈ దేశం వచ్చి, పౌరసత్వం తీసుకుని, సరస్సుల్లో చేరాడు. ఇక్కడ ఇంజనీర్ల లైసెన్సులు రెండు రకాలు, ఆవిరికి ఒకటి, డీజిల్‌కి ఒకటి. ఇతనిది ఆవిరి లైసెన్సు. చీఫ్‌గా పనిచేయగల ఆవిరి ఓడలు ఆ నాటికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి, ఆ కంపెనీలో అయితే ఇదొక్కటే. డీజిల్ ఓడకు వెళితే మళ్లీ కింది మెట్టు నుంచి ఎక్కాలి. యాభై నాలుగేళ్లవాడు. భార్య ప్లేనోలో ఉండేది. ఆదివారం ఆమె చర్చిలో ఫోన్ ఎత్తి పట్టుకుంటే ఇతను బాయిలర్ పక్కన స్టూలు వేసుకుని తెలుగు ఆరాధన వినేవాడు. మామ్మ పోతే తన గతేమిటో అతనికి తెలుసు, నాకూ తెలుసు.

జనవరిలో సరస్సుల మధ్య ఓడలు దాటే లాకులు మూసేశాక ఓడలన్నీ రేవుల్లో కట్టుబడి ఉంటాయి. దీన్నే లే-అప్ అంటారు. మార్చి చివర లాకులు తెరిచేలోగా సర్వేలూ మరమ్మతులూ అయిపోవాలి. నేను వెళ్లేసరికి ఏసుపాదం ఓడలోకి ఎక్కే గ్యాంగ్‌వే దగ్గరే నిలబడి ఉన్నాడు. కాఫీ ఇచ్చి, రెండు మాటలు కూడా మాట్లాడకుండా సొరంగంలోకి తీసుకెళ్లాడు. మూడో హోల్డు కింద నలభై అడుగుల మేర బెల్టు లేపి, రోలర్లు ఊడదీసి, గోడకు చేర్చి ఉంచారు. నేను అడగకుండానే అంత పని చేయించాడు.

“నవంబర్‌లో బాలాస్ట్ ఎక్కించినప్పుడు ఇక్కడ నీళ్లు ఊరాయి సార్,” అన్నాడు. “ఊరే చోట సిమెంట్ పోసి బాక్స్ కట్టి లాక్కొచ్చాను. ఆఫీస్‌కి మెయిల్ కూడా పెట్టాను. చూడండి మీరే.”

సొరంగం నేల కిందే బాలాస్ట్ ట్యాంకు ఉంటుంది. ఓడ ఖాళీగా ఉన్నప్పుడు తూకం కోసం దాన్ని నీళ్లతో నింపుతారు. ఆ నేల ప్లేటే ట్యాంకుకు కప్పు. దాని మీద బెత్తెడు మందాన తడి ముద్ద పేరుకుని ఉంది. నేను గ్లవ్ తీసి కాస్త ముట్టుకుని నాలిక్కి రాసుకున్నాను. ఉప్పు.

సర్వేయర్ చేతిలో ఒక కొస వాడిగా ఉండే చిన్న సుత్తి ఉంటుంది. మంచి ప్లేటు కంగుమంటుంది. చెడ్డది డబ్‌మంటుంది. పారతో ముద్ద గీకించి కొట్టాను. మొదటి దెబ్బకు డబ్‌మంది. రెండో దెబ్బకు సుత్తి పిడిదాకా దిగబడింది. కింద ఖాళీ ట్యాంకులోంచి చల్లటి కుళ్లుగాలి ముఖానికి కొట్టింది.

అయిదేళ్ల క్రితం ఈ ఓడకు సర్వే చేసింది నేనే.

ఆ సంగతి దాచకుండా చెప్పాలి. అప్పుడు ఏసుపాదం చీఫ్ అయి నెల కూడా కాలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి బయటి ప్లేట్లన్నీ చూడటం అయిపోయింది. బంగారంలా ఉన్నాయి. గేజింగ్, అంటే శబ్ద తరంగాలతో ప్లేటు మందం కొలవడం, సొరంగానికి రెండు కొసల్లోనూ చేయించాను. అవీ బాగున్నాయి. బెల్టు కింద మధ్యభాగం చూడాలంటే రోలర్లు విప్పాలి, రెండు రోజుల పని. మా వాళ్లలో ఒక అలవాటు ఉండేది: రెండు కొసలూ బాగుంటే మధ్య కూడా బాగున్నట్టే. నేను చేరిన కొత్తలో మా పై అధికారి నాకు అలాగే నేర్పాడు, నా కింద చేరినవాళ్లకు నేనూ అలాగే నేర్పాను. ఏసుపాదం వచ్చి, “మూడో హోల్డు కింద బెల్టు లేపిస్తాను సార్, సోమవారం దాకా ఉండగలరా? నాకెందుకో డౌట్‌గా ఉంది,” అన్నాడు. నాకు సాయంత్రం ఫ్లైట్ బుక్ అయి ఉంది. మంచు తుఫాను వస్తుందంటున్నారు. జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్ గుర్తుకొచ్చింది. “మంచినీళ్ల ఓడయ్యా, దీన్ని ఏం తింటుంది?” అని నవ్వి, భుజం తట్టి, ‘సొరంగం నేల పరిశీలించబడినది, సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టాను.

నేను పుట్టింది చినగంజాం దగ్గర, ఉప్పు మళ్ల పక్కన. మా ఇంటి తలుపు గొళ్లెం ఏడాదికొకటి మార్చేవాళ్లం. ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో చదువుకోకముందే నాకు తెలుసు. ఆ ఓడ ఏ సరుకు మోస్తోందో జాబితా నా ఫైలులోనే ఉంది, చదివాను కూడా. అయినా నీళ్లనే చూశాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టడానికి ప్రయత్నించనైనా లేదు.

తర్వాత మూడు రోజులు బెల్టు మొత్తం లేపించి అడుగడుగూ కొలిపించాను. మామూలుగా ప్లేటు మందంలో పావువంతు తరిగితే మార్చాలి. ఇక్కడ రెండు, మూడు, నాలుగు హోల్డుల కింద సగానికి పైగా పోయింది. దానికి ఊతమిచ్చే అడ్డదూలాలు కూడా పైభాగాన రేకుల్లా విడిపోతున్నాయి. అయిదేళ్ల క్రితమే చూసి ఉంటే నాలుగైదు ప్లేట్లు మార్చి, ఉప్పు దించిన ప్రతిసారీ కడగమని చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఓడ అడుగంతా కొత్తగా కట్టాలి. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ ఆవిరి ఓడకు ఆ పని ఏ యజమానీ చేయించడు.

గురువారం ఏసుపాదం నన్ను ఇంజన్ కంట్రోల్ గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు.

“ఇంకొక్క సీజన్‌కి కండిషన్ పెట్టి రాయలేరా సార్? బాలాస్ట్ తగ్గించి నడుపుతాను. డిసెంబర్ దాకా చాలు. ఈలోపు డీజిల్ లైసెన్సుకి సెకండ్ అసిస్టెంట్ పరీక్ష అయినా రాసుకుంటాను.”

నవంబర్ గాలికి ఈ అడుగు విరిగితే లోపల ఇరవై రెండు మంది ఉంటారు, నువ్వూ ఉంటావు అన్నాను.

“ఉంటాను గాబట్టే అడుగుతున్నాను. నాకు భయం లేదని కాదు.”

రాయలేనని చెప్పాను. అతను మళ్లీ అడగలేదు.

శుక్రవారం పొద్దున యజమాని తరఫు ఫ్లీట్ మేనేజర్ వచ్చాడు. అమెరికన్, మర్యాదస్థుడు. గేజింగ్ పట్టికలు ఒక్కొక్కటే చూశాడు. తర్వాత నా పాత రిపోర్టు తెరిచి, అయిదేళ్ల క్రితం ఈ నేల సంతృప్తికరంగా ఉందని ఉంది కదా, ఇంత తొందరగా ఎలా పోయింది అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఏసుపాదం వైపు తిరిగి, అప్పుడు నువ్వే చీఫ్‌వి కదా, బెల్టు లేపారా, ఏమైనా కనిపించిందా అన్నాడు. ఏసుపాదం నా వైపు చూశాడు. అప్పుడు తాను కొత్తనీ, తనకు గుర్తులేదనీ ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు.

నేను చేయాల్సింది ఒక్కటే: ఇతను బెల్టు లేపుతానన్నాడు, నేనే వద్దన్నాను అని చెప్పడం. చెప్పలేదు. ఉప్పు సరుకు వేగంగా తినేసి ఉంటుందని ఏదో సాంకేతికంగా గొణిగాను. మేనేజర్ తలూపి రాసుకున్నాడు.

ఫిబ్రవరిలో క్లాస్ సర్టిఫికెట్ రద్దయింది. జూన్‌లో రెండు టగ్గులు మామ్మను కట్టి లాక్కుపోయాయి, ఎక్కడో కింది సరస్సులో తుక్కు యార్డుకు. ఉప్పు కడగకుండా ఉంచిన నేరం చీఫ్‌దేనని కంపెనీలో అనుకున్నారట. డీజిల్ ఓడలో ఏసుపాదానికి అట్టడుగు మెట్టయిన థర్డ్ అసిస్టెంట్ పని ఇచ్చారు, తన కొడుకు వయసువాళ్ల కింద. ఒక సీజన్ చేసి మానేశాడు. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో బాయిలర్ అటెండెంట్.

రిటైరయ్యాక ఒకరోజు ఫోన్ చేశాను. ఆ శుక్రవారం సంగతి ఎత్తి, నన్నెందుకు కాపాడావని అడిగాను.

“కాపాడాలనేం కాదు సార్. మీ తప్పు నేను చెబితే బాగోదు గదా. నేను గుర్తులేదంటే మీరే చెబుతారనుకున్నాను,” అన్నాడు. “చెబుతారేమోనని మిమ్మల్నే చూస్తా ఉన్నా.”

తర్వాత మా ఆరోగ్యాలు అడిగి, డ్యూటీ టైమైందని పెట్టేశాడు. నేను మళ్లీ చేయలేదు.

దీని వల్ల నేను నేర్చుకున్నది చెప్పమంటే, వృత్తికి సంబంధించింది ఒకటుంది. సర్వే ఫారంలో ‘సంతృప్తికరం’ పక్కనే ‘చూడలేదు’ అని ఇంకో గడి ఉంటుంది. అంతకుముందు ముప్పై ఒక్కేళ్లలో నేను దాన్ని ఒక్కసారీ వాడలేదు. ఆఖరి రెండేళ్లు వాడాను. యజమానులు విసుక్కున్నారు, కొందరు బెల్టు లేపారు. ఏసుపాదం విషయంలో పాఠమేమీ లేదు. నేను చెప్పవలసింది చెప్పలేదు, చెప్పవలసిన రోజు దాటిపోయింది.