కుర్చీకో బల్బు

కొత్త హాలుకి ఏసీలు బిగించాక, అవి అనుకున్నంత చల్లబరుస్తాయో లేదో చూసి చెప్పేది బల్బులాయనే. జనం ఇంకా రారు కదా, అందుకని కుర్చీకో బల్బు పెట్టి వెలిగిస్తాడు. ఒక్కో బల్బు వేడి ఒక్కో మనిషి ఒంటి వేడితో సమానం. ఆ మధ్యాహ్నం హాలు నిండా బల్బులు, ఏదో కలగంటున్నట్టు, ఖాళీ వేదికని చూస్తూ కూర్చున్నాయి.

క్యారియరు పట్టుకుని ఆయన భార్య వచ్చింది, ముఖం గంటు పెట్టుకుని.

"ఊళ్ళో హాళ్ళన్నీ చల్లబెడతారు. ఇంట్లో ఆ ఫ్యాను తిరగక రాత్రంతా కన్ను మూతపడలేదు నాకు."

ఆవిడ మూడో వరసలో ఒక బల్బు ఆర్పి, పక్కన పెట్టి, ఆ కుర్చీలో కూలబడింది.

"లెక్కేం తప్పదులెండి. నేనూ మనిషినే."

సాయంత్రానికి పరీక్ష అయింది. చల్లదనం ఎక్కడా చెదరలేదు. ఆయన ఒక్కో వరసే బల్బులు ఆర్పుకుంటూ వచ్చాడు. ఇక ఏసీలు కట్టేయడమే మిగిలింది. మీట మీద చెయ్యి వేసి మూడో వరస వైపు చూశాడు. ఆవిడ తల వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది.

చెయ్యి తీసేశాడు. అంత పెద్ద హాలూ ఒక్క మనిషి కోసం చల్లగా ఉండిపోయింది.