మామ్మ అలకని మూల

మా పెరట్లో వెదురు పూసింది. అరిష్టమట, వెంటనే నరికించాలట! చదువుకున్న పక్కింటాయన సలహా ఇది. అరిష్టం వెదురులో ఉందా, మన బుర్రల్లోనా? జన్మకోసారి పూచి, గింజ రాల్చి చచ్చిపోయే ప్రాణి అది.

నా ఈడు మాడుగుల నేస్తాల్లారా, వెదురు బియ్యం జావ వాసన గుర్తుందా? చిన్నప్పుడు ఇదే పెరట్లో వెదురు పూస్తే, రాలే గింజలు మట్టిపాలు కాకుండా మామ్మ పొద కింద ఒక మూల వదిలి, మిగతా నేలంతా పేడతో అలికింది. రాలిన గింజలు ఊడుస్తూ నేను ఆ మూల కూడా ఊడ్చేశాను.

"ఓలే గుంటా, అదీ ఊడ్సీసినావేటి? తల్లెలాగూ సచ్చిపోతాది, పిల్లల్ని కూడా మనమే తినేత్తామా?" అంటూ చేటలోంచి దోసెడు గింజలు తీసి ఆ మూల చల్లింది.

మళ్లీ పూత చూడకుండానే మామ్మ వెళ్లిపోయింది. ఇప్పుడు పూసింది ఆ దోసెడులోంచి మొలిచిన వెదురే. ఎలా నరకను? పొద్దున్నే నేల అలికాను, ఒక మూల వదిలేసి.