మంద వెంట ఇంగ్లీషు బడి

ధర్మవరం నుంచి భారతి వదినను చేసుకొచ్చినప్పుడు మా చంద్రమోహనన్న ఆమె పనితనం గురించి చెప్పాడు, చదువు గురించి చెప్పాడు, మొండితనం గురించి మాత్రం నోరు మెదపలేదు. బహుశా ఆయనకూ అప్పటికి తెలిసుండదు. నేత ఇంటి పిల్ల. పదో తరగతిలో అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటి తప్పితే, నీకు చదువు అబ్బదులెమ్మని ఇంట్లోవాళ్లు మగ్గం ముందు కూర్చోబెట్టారట. ఆమె నేస్తూనే మళ్లీ పరీక్ష రాసి గట్టెక్కింది, ఆపైన డిగ్రీ కూడా చేసింది. అయినా ఆ ఒక్క సబ్జెక్టు తన చదువు ఆపబోయిందన్న కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మడకశిరలో మా ఇంటికి నాలుగు చేల అవతల గొర్రెలవాళ్ల పల్లె ఉంది. హట్టి అంటాం. అక్కడి పిల్లలు ఇంట్లో కన్నడం మాట్లాడతారు, బయటికొస్తే తెలుగు. బడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఆ ఎదుటి పేజీ వాళ్లకు అర్థం కాదు, ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. మూడో తరగతికి వచ్చేసరికి చదువంటే భయం పట్టుకుంటుంది. ఎండాకాలం మందతో పాటు వెళ్లిన పిల్లలు మళ్లీ బడి గడప తొక్కరు. ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటూ ఇదంతా చూసిన వదిన, సాయంత్రాలు మా పంచలో ఇంగ్లీషు నేర్పుతానని హట్టికి వెళ్లి ఇంటింటా చెప్పి వచ్చింది. నవ్వినవాళ్లు నవ్వారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

హట్టికి పెద్ద జయరాముడు తన కూతురు ఆశ్రితను పంపేసరికి మిగతావాళ్లూ పంపారు. ఏడేళ్ల పిల్ల, ఏది చెప్పినా ఇట్టే పట్టేస్తుంది. ఈ పిల్ల చదువులో నిలబడితే హట్టి పిల్లలంతా నిలబడతారని వదిన ఆశ.

తప్పు అంకెల దగ్గర జరిగింది. అంకెలతో మొదలుపెడితే ఇంగ్లీషంటే బెరుకు పోతుందని వదిన అనుకుంది. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్లకు లెక్కపెట్టడం నడక వచ్చినప్పటి నుంచీ అలవాటే. పడుగులో పోగుల లెక్క తప్పితే చీరే పాడవుతుంది. ఒక సాయంత్రం పిల్లల్ని జయరాముడి దొడ్డి దగ్గరికి తీసుకెళ్లి, లోపలికి పోతున్న గొర్రెల్ని ఒక్కొక్కదాన్నే వేలుపెట్టి చూపిస్తూ వన్, టూ, త్రీ అనిపించింది. పిల్లలు కేరింతలు కొడుతూ లెక్కపెట్టారు. కంచె అవతల జయరాముడి తల్లి రామక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. హట్టిలో మందను ఎవరూ లెక్కపెట్టరు. వేలుపెట్టి చూపడం అంతకంటే తప్పు. లెక్కపెట్టిన మంద తరుగుతుందని వాళ్ల నమ్మకం. ఆ సంగతి నేత ఇంటి పిల్లకు ఎవరు చెప్పాలి?

ఆ రాత్రే తోడేలు వచ్చి ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. మరుసటి సాయంత్రం మా పంచలో ఒక్క పలక లేదు, వదిన మాత్రం గోడకు ఆనుకొని కూర్చుంది. తోడేలుకు ఇంగ్లీషు వచ్చునా అని నేను మండిపడ్డాను. ఆమె కూడా నాతో కలిసి నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు తృప్తిగా ఉండేది. తిట్టలేదు. కొంగు దోపుకొని లేచి హట్టికి బయల్దేరింది.

జయరాముడు కంచెలో పడిన సందును ముళ్లకంపతో మూస్తున్నాడట. ఆమె దబాయించలేదు, కాళ్లావేళ్లా పడనూ లేదు.

“మాది మగ్గం ఇల్లు అన్నా. లెక్కబెట్టేది మాకు మంచిది. మీకు కాదని తెల్దు.”

“తెలీకపోతే అడగల్ల,” అన్నాడు ఆయన తలెత్తకుండా.

ఆశ్రితను ఇక పంపనని, కోతలు కాగానే మందతో పాటు విడపనకల్లు వైపు తీసుకుపోతున్నానని కూడా చెప్పాడు. అక్కడి రైతులు ఎరువు కోసం కోసిన చేలల్లో మందను నిలుపుకుంటారు. ఒక చేనయ్యాక ఇంకో చేను, ఎండాకాలమంతా అదే తిరుగుడు. పెద్దమనిషి పిల్లనే మాన్పిస్తే హట్టిలో ఇంకెవరూ పంపరని వదినకు తెలుసు.

“అట్లయితే నేనే ఆడికి వస్తా,” అంది.

రా, చూస్తాం అన్నాడట జయరాముడు. ఎగతాళిగానే అన్నాడని నా అనుమానం.

మంద కదిలిన తర్వాత వచ్చిన ఆదివారమే ఆమె మొదటి బస్సు ఎక్కింది. మడకశిర నుంచి అనంతపురం, అక్కడి నుంచి ఉరవకొండ, ఆపైన విడపనకల్లు. రానూపోనూ రోజంతా బస్సుల్లోనే సరిపోతుంది, పిల్లతో గడిపేది మధ్యాహ్నం కాసేపు. నీకేమైనా పిచ్చా అని అన్న అడిగాడు. ఆదివారం వంట నువ్వు చేసుకో అని బదులిచ్చింది. ప్రతి వారం వెళ్లింది. జయరాముడు తాగడానికి మజ్జిగ ఇప్పించేవాడు గానీ పలకరించేవాడు కాదు.

ఈసారి ఏదైనా మొదలుపెట్టే ముందు వదిన అడిగింది. లెక్కపెట్టకుండా ఒకటి తగ్గినట్టు ఎట్లా తెలుస్తుందని ఆశ్రితను అడిగితే, దాని మొగం కనపడదు కదక్కా అంది ఆ పిల్ల. మందలో ప్రతిదానికీ ఒక పేరుంది. బొల్లి, కర్రి, మచ్చది, కుంటిది. ఆశ్రిత పేరు చెబితే, అది ఏ శబ్దంతో మొదలవుతుందో ఆ ఇంగ్లీషు అక్షరాన్ని వదిన పుల్లతో మట్టిలో గీసేది. బొల్లి మొగం చూస్తే ఒక అక్షరం, కర్రి మొగం చూస్తే ఇంకొకటి. తర్వాత పేరులో మిగిలిన శబ్దాలు. కొన్ని వారాలకు ఆ పిల్ల ఏ గొర్రె పేరు అడిగినా మట్టిలో రాసి చూపించేది. జయరాముడు దూరంగా కూర్చుని కంబళి దులుపుకుంటూ అంతా వినేవాడని వదిన వచ్చి చెప్పేది. విన్నంత మాత్రాన ఏం ఒరిగిందని నేననేదాన్ని.

మార్చి చివర్లో ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను. విడపనకల్లులో దిగి చేనుకు నడిస్తే అక్కడ మంద లేదు. పెంటికలు, ఆరిపోయిన పొయ్యి రాళ్లు, అంతే. జయరాముడి ఫోను మోగనే లేదు. చుట్టూ నల్లరేగడి, నెత్తిన మాడ్చే ఎండ. ఎదురైన ఇద్దరిని అడిగితే ఒకరు తూర్పు చూపారు, ఒకరు పడమర. ఆయనకు నువ్వు రావడం ఇష్టం లేదు, అందుకే చెప్పకుండా కదిలాడు, వెనక్కి పోదాం పద అన్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను, ఆయన మీద ఒళ్లు మండిపోయింది. వదిన మొహం వాడిపోయింది. అయినా ఆ కనిపించే కల్వర్టు దాకా చూసి పోదామని ముందు నడిచింది.

కల్వర్టు గోడ మీద ఎర్రగా ఏదో రాసి ఉంది. గొర్రెల వీపు మీద గుర్తు పెట్టే రంగు అది. ఒకటి లావుగా ఒకటి సన్నగా పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, పక్కనే బాణం గుర్తు. పాల్తూరు అని పక్క ఊరి పేరు ఉంది. ఆ దారిలో మాకు కనిపించిన బోర్డులన్నీ తెలుగులోనే ఉన్నాయి. పిల్ల దేన్నీ చూసి ఎక్కించలేదు, శబ్దం పట్టుకొని తానే కూర్చుకుంది. వదిన ఒక్కో అక్షరం మీద చెయ్యి పెట్టి పైకి చదివింది. చదివి ఏడ్చింది. అప్పగింతలప్పుడు కూడా కంట తడిపెట్టని మనిషి.

బాణం చూపిన వైపు వెళ్తే కోసేసిన శనగ చేలో మంద కనిపించింది. ఆశ్రిత వేళ్లకు ఇంకా ఎరుపు పోలేదు. చేను ఖాళీ చేయమని రైతు తొందరపెట్టాడని, ఫోనులో చార్జింగు అయిపోయిందని జయరాముడు చెప్పాడు. రంగు తానే కలిపి ఇచ్చాడట. తెలుగులో రాయించి ఉంటే ఎవరైనా చదివి దారి చెప్పేవాళ్లు కదా అని నేను దెప్పాను. అక్క కోసం అక్క చెప్పిన రాతే రాస్తానని పిల్ల పట్టుబట్టిందట.

ఆయన రైతు ఫోను అడిగి తీసుకొని హట్టిలో ఉన్న తల్లికి చేశాడు. ఊళ్లో మిగిలిన పిల్లలందరినీ రేపటి నుంచి భారతమ్మ పంచకు పంపమని చెప్పాడు. ఫోను తిరిగిచ్చి, ఇన్నాళ్లకు వదిన ముందుకొచ్చి నిలబడ్డాడు.

“వచ్చే వారం యాడుంటామో నాకే తెల్దమ్మా. బిడ్డ రాసి పెడ్తాది. నువ్వు సదువుకుంటా రా.”