కాకి వాలని గట్టు

పర్చూరు దాటి, వాగు దాటి పోతే వచ్చే నల్లరేగడి చేలల్లో కోటిరత్నం పొలం ఎకరంన్నర. చుట్టూ ఎటు చూసినా మిరప, లేకపోతే పత్తి. మిట్టమధ్యాహ్నం ఆ పొలం గట్టు మీదుగా ఒంటరిగా ఎవరూ నడవరు. పత్తి తీతకు వచ్చే కూలీలు కూడా అన్నాలకు చుట్టు తిరిగి వాగు ఒడ్డుకు పోతారు. అడిగితే, ఆ చేలో మనిషి లేకుండానే మనిషి అలికిడి వినపడుతుందంటారు. ఒకచోట పళ్ళు నూరినట్టు, ఇంకోచోట గొంతు సవరించుకున్నట్టు, మరోచోట ఎవరో ఈల వేసి చటుక్కున ఆపినట్టు. పక్క చేలల్లో గాలి తప్ప ఏ చప్పుడూ ఉండదు. ఊరివాళ్ళ లెక్కలో చప్పుడు లేని చేను మంచిది, చప్పుడున్న చేనుకు గాలి పట్టింది. మనుషుల లెక్కలు ఎప్పుడూ అంతే.

గాలి అంటే యలమంద గాలి. యలమంద కోటిరత్నం మొగుడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు గానీ, బతికున్నప్పుడు కూడా అతని కళ్ళు బాగానే ఉండేవి. పిల్లలు లేరు. పెళ్ళామంటే ప్రాణం, పొలమంటే ఇంకాస్త ఎక్కువ ప్రాణం. ఉన్న దోషమల్లా తొందర. మిరపకు నల్లతామర పురుగు పడిందని ఊరంతా గోల పెట్టిన ఏడు, కొట్టువాడు చెప్పిన రెండు మందులకు తన తెలివి కొద్దీ మూడోది కలిపాడు. బకెట్లో చేత్తోనే తిప్పాడు. మూతికి గుడ్డ లేకుండా, ఎదురుగాలికి కొట్టుకుంటూ పోయాడు.

కార్తీకమాసం, ఎండ నడినెత్తిన ఉంది. కోటిరత్నం అన్నం క్యారేజీ పట్టుకుని గట్టెక్కేసరికి పంపు చప్పుడు వినపడుతోంది, మనిషి మాత్రం కనపడలేదు. సాళ్ళ మధ్య బోర్లా పడి ఉన్నాడు. వీపు మీద మందు కొట్టే తైవాన్ పంపు ఇంకా ఆడుతూనే ఉంది. చేతిలోంచి జారిన గొట్టం అతని చెంప మీదకే మందు చిమ్ముతోంది. చీరాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

పెద్దకర్మ నాడు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో వడ్డించి, ఆరుబయట ఉంచి, ఇంటివాళ్ళు దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీవాళ్ళను చూసుకుంటాం, నీ పొలం పరాయిపాలు చెయ్యం అని మాట ఇస్తారు. ఎవరో ఒకరి మాటకు కాకి దిగుతుంది. యలమందకు అతను పడిపోయిన చోటుకు దగ్గరగా, గట్టు మీదే పెట్టారు. చేపల పులుసు, గోంగూర, గారెలు, పక్కన ఒక బీడీ. అందరూ ఆకాశం వంక చూశారు. కాకి కనపడి రాకపోతే అదొక రకం. అసలు ఆకాశంలో కాకే లేదు. యలమంద అన్న బుల్లయ్య ముందుకొచ్చి, నీ భార్యకు ఏ లోటూ రానివ్వనని తమ్ముడికి మాట ఇచ్చాడు. బావమరుదులు మాట ఇచ్చారు. కోటిరత్నం కూడా తోచిందంతా చెప్పింది. ఏ మాటకూ ఏదీ దిగలేదు.

పొద్దు వాలాక అందరూ కాళ్ళు పీకి ఇళ్ళకు పోయారు. విస్తరి వాగులో కలుపుదామని కోటిరత్నం వంగింది. అప్పుడు చూసింది. చేపల పులుసు మీద ఒక్క ఈగ లేదు. గారెల చుట్టూ చీమ లేదు. పొద్దుటినుంచి ఆరుబయట ఉన్న తిండి, ఎలా వడ్డించారో అలాగే ఉంది. కాకి రాకపోతే కోరిక అనుకోవచ్చు, చీమ కూడా రాకపోతే ఏమనుకోవాలి?

ఊళ్ళోవాళ్ళకు కారణం తొందరగానే దొరికింది. కొన్నేళ్ళ కిందట యలమంద మొక్కజొన్న వేశాడు. విత్తనాన్ని కాకులు తవ్వుకు తింటున్నాయని మందు పట్టించి నాటాడు. తిన్న కాకులు గట్టు పొడుగునా రాలిపోయాయి. వాటిలో ఒకదాన్ని కర్రకు తలకిందులుగా కట్టి చేను నడుమ పాతాడు. మిగతావి భయపడి రాకుండా ఇక్కడ చాలామంది చేసే పనే అది. మిగతావి రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. కాకులు పగబట్టాయనీ, యలమంద తిండి అవి ముట్టవనీ, వాడు ఆకలితో ఆ చేలోనే తిరుగుతుంటాడనీ అమ్మలక్కలు తేల్చేశారు. ఆ రోజు కర్ర పడిపోకుండా పట్టుకుని నిలబడింది కోటిరత్నమే.

ఆమె నమ్మింది. నమ్మకుండా ఉండడం ఆమె వల్ల కాలేదు. మొగుడు ఆకలితో ఉన్నాడనుకుంటే నోట్లో ముద్ద గొంతు దిగేది కాదు. కాకి రావాలంటే కాకికి భయం పోవాలి. చీమ రావాలంటే చీమ బతకాలి. అంతకుమించి ఆమె దగ్గర ఏ శాస్త్రమూ లేదు. ఆ పొలంలో ఇక మందు చుక్క పడదని బావగారికి చెప్పేసింది.

బుల్లయ్య పొలం పక్కనే. మంచి మిరప రైతని పేరు, ఆ పేరుకు తగ్గ నోరు. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నాడు. నీ చేలో పురుగంతా నా చేలోకి వస్తుందని తగువు పెట్టుకున్నాడు. పెట్టుకుని, ఆమె వైపు గట్టు పక్క సాళ్ళకు రెండింతలు మందు కొట్టించాడు.

తోడు నిలబడింది రెబ్కా ఒక్కతే. పల్లెలో చర్చి పక్క ఇల్లు, చిన్నప్పటి నుంచి మిరప కోతలకు పోయే మనిషి. మందు కొట్టిన కాయ కోసీ కోసీ ఆమె అరిచేతులు పగిలిపోయి, అన్నంలో కూర కలిపితే మంటకు కళ్ళనీళ్ళు తిరిగేవి. పొదుపు సంఘం మీటింగులో ప్రకృతి సేద్యం గురించి విన్నది కాబట్టి పని తెలుసు. పేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి డ్రమ్ములో ఊరబెట్టడం, వేపగింజలు దంచి కషాయం తీయడం, తొలకరికి ముందే రకరకాల గింజలు కలిపి చల్లి నేల మీద పచ్చదనం నిలపడం. యలమంద ఆకలి సంగతి చెబితే రెబ్కా నవ్వలేదు. మాకు కాకితో పని లేదక్కా, చీమతో మాత్రం అందరికీ పనే అంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. మొదటి ఏడు తామరపురుగు పూతంతా నాకేసింది. అంతకన్నా కష్టం మధ్యాహ్నాలు. ఎండలో చేను మధ్య కూర్చుంటే కీచురాయి లేదు, తూనీగ లేదు. ఆ నిశ్శబ్దంలో తన ఊపిరి తనకే పక్కన మనిషిదిలా వినపడేది. ఒక్కోసారి తాను ఊపిరి బిగబట్టినా అది ఆగేది కాదు. కోటిరత్నం లేచి పారిపోలేదు. చీర కొంగు నెత్తిన కప్పుకుని, ఇంకొంచెం ఓపిక పట్టమని పక్కకు తిరిగి చెప్పేది. ఆ ఏడు సంవత్సరీకానికి పెట్టిన విస్తరి కూడా వాగుకే పోయింది.

రెండో ఏడు పెట్టినప్పుడు గారెల చుట్టూ చీమలు పట్టాయి. చీమలు పడితే ఏ ఇల్లాలైనా తిడుతుంది. కోటిరత్నం మోకాళ్ళ మీద కూర్చుని వాటిని కళ్ళనిండా చూసుకుంది. ఆ తర్వాత నుంచి చేను మెల్లగా నోరు విప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే సాలు నుంచి సాలుకు సాలెగూళ్ళు. ఎండుటాకుల కింద పెంకుపురుగుల కొరుకుడు. తడి నిలిచిన చోట గొంతు సవరించుకునే కప్ప. ఈలలు వేసే పిగిలిపిట్ట. వీటన్నిటికీ భయపడని వాళ్ళు కూడా జెముడుకాకికి భయపడ్డారు. ఎర్రటి కళ్ళేసుకుని, మొక్కల చాటున మనిషిలా నడుస్తూ, బానలో తలపెట్టి మూలిగినట్టు ఊప్ ఊప్ మంటుంది. అది పిట్టేనని కోటిరత్నానికి తెలుసు. తెలిసినా, అది మూలిగినప్పుడల్లా ఒకసారి వెనక్కి తిరిగి చూసేది.

భయపడేవాళ్ళు భయపడుతూనే పనికి మాత్రం ఆ చేలోకే రావడం మొదలుపెట్టారు. అక్కడ కోస్తే చేతులు మండవు. కాలవలో చెయ్యి కడుక్కుని అక్కడే పొద్దుటి చద్దన్నం తినొచ్చు, చంటిపిల్లను గట్టు మీద పడుకోబెట్టుకోవచ్చు. పొద్దున వచ్చి, మధ్యాహ్నమయ్యేసరికి దండం పెట్టి పోయేవారు. రెబ్కా అరిచేతుల్లో పగుళ్ళు పూడుకుపోయాయి. తుపాను వాన పడినప్పుడు బుల్లయ్య చేలో నీళ్ళు నిలబడి మొక్క వేరు కుళ్ళింది. కోటిరత్నం నేల మాత్రం ఆ నీళ్ళు ఎటు తాగిందో తాగేసింది. ఆ నేలలో యలమంద నోరు తెరుచుకుని పడుకున్నాడన్నారు ఊళ్ళో.

నాలుగో కార్తీకంలో కాకి వచ్చింది. ఒకే ఒక్కటి. విస్తరికి దూరంగా దిగి, మెడ వంచి కోటిరత్నం వంకే చూస్తూ నిలబడింది. తిండి వంక చూడలేదు. ఎంతసేపటికీ కదలలేదు.

"ఆ కర్ర పట్టుకుంది నేను. ఆయన్ని వదిలెయ్," అంది కోటిరత్నం.

కాకి రెండు గెంతులు గెంతి చేపముక్క అందుకుంది. తర్వాత గారె. దూరంగా నిలబడిన రెబ్కా సిలువ మెడలో ఉందో లేదో తడుముకుంది.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట పక్కన ఊపిరి వినపడలేదు. చేనంతా రొదే, ఆ ఒక్క చప్పుడు తప్ప. మొగుడు తృప్తిగా వెళ్ళాడు, సంతోషించాలి. కోటిరత్నం సాళ్ళ మధ్య కూర్చుని, అతను పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆమె కాకి కోసం ఎదురు చూసింది గానీ, కాకి వచ్చాక తాను ఒంటరిదవుతుందని అనుకోలేదు.

అయితే ఒంటరిగా ఉండనిచ్చే ఊరు కాదది. సంగతి తెలిసి, ఇంట్లో పోయినవాళ్ళకు కాకి రాక వెలితిగా ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే విస్తళ్ళు తెచ్చారు. ఒకరి తండ్రి, ఒకరి కూతురు, నవ్వుతూ తిరుగుతూనే పురుగుమందు డబ్బా ఎత్తి తాగిన ఒకరి కొడుకు. మధ్యాహ్నం ఆ గట్టు తొక్కని మనుషులు, పొద్దున పూట అక్కడ చేతులు కట్టుకుని నిలబడేవారు. మహాలయ అమావాస్య నాడు గట్టు పొడుగునా విస్తళ్ళు బారుతీరేవి, కాకులు ఒక్కో విస్తరి ముందూ ఆగి ఆగి నడిచేవి. ఎవరికి ఏది ఇష్టమో కోటిరత్నానికి కంఠతా వచ్చేసింది. ఊరి చచ్చినవాళ్ళందరితోనూ ఆమెకు పరిచయం ఏర్పడింది.

ఈ ఏడు బుల్లయ్య భార్య సీతారావమ్మ కాలం చేసింది. పంతం కొద్దీ అతను సొంత చేలోనే పెట్టించాడు. పొద్దున్నుంచి నిలబడ్డాడు. సీతారావమ్మ జీవితమంతా అతని మాటకు ఎదురు చెప్పని మనిషి. ఇప్పుడు ఎన్ని మాటలిచ్చినా ఆమె వైపు నుంచి జవాబు రాలేదు. గట్టుకు ఇవతల కాకులు అరుస్తున్నాయి. అవతలకు ఒక్కటీ పోవడం లేదు. చివరికి బుల్లయ్య విస్తరి రెండు చేతుల్లో పట్టుకుని గట్టు దాటాడు. కోటిరత్నం చోటు చూపించింది. విస్తరి కింద పెట్టాడో లేదో కాకి దిగింది. ఆకలి మీదున్న మనిషిలా తిన్నది. బుల్లయ్య తువ్వాలు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

తేరుకున్నాక చాలా నెమ్మదిగా అడిగాడు. "నేను పోయాక నాక్కూడా ఇక్కడే పెట్టనిస్తావా అమ్మాయ్?"

"మీకు పొలం ఉంది కదండీ బావగారూ."

"నా పొలానికి కాకి రాదుగా."

"వచ్చేదాకా మీరు పోకూడదు మరి," అంది కోటిరత్నం. ఆమె ఎగతాళిగా అనలేదు. మొగుడు నాలుగేళ్ళు ఆ చేలో ఎలా ఉన్నాడో ఆమె పక్కన కూర్చుని విన్నది. ఆ బాధ పగవాడికి కూడా వద్దనుకుంది.

మర్నాడు పొద్దున్నే, ముందే మాట్లాడుకున్న ప్రకారం, ఊళ్ళో అద్దెకు మందు కొట్టే కుర్రాడు కోటేష్ డ్రోన్ వేసుకుని బుల్లయ్య చేలో మందు కొట్టడానికి వచ్చాడు. బుల్లయ్య అప్పటికే చేను మధ్యలో ఒక్కడే నిలబడి, తల కాస్త పక్కకు వంచి, ఏదో వింటున్నట్టున్నాడు. కోటేష్‌ను చూసి వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. ఏమైంది పెదనాన్నా, పురుగు పోయిందా అని కోటేష్ అడిగాడు.

"పురుగు ఉందిరా, కాకే లేదు. నేను పోయే దారే లేదు, అది బాగు చేసుకోవాలి," అన్నాడు బుల్లయ్య.